కాల్షియం కాస్త ఎక్కువొచ్చిందా? కంగారొద్దు.. అలాగని వదిలేయొద్దు!

హెల్త్ ప్యాకేజీ టెస్టుల్లో కాల్షియం పక్కన 'హై' అని కనిపించగానే చాలామంది పాలు, పెరుగు మానేస్తారు. నిజానికి తిండి వల్ల పెరగడం అరుదు. సాధారణంగా డెసీలీటరుకు 8.5 నుంచి 10.5 మిల్లీగ్రాములు ఉండాలి. 10.7 లాంటి అంకె వస్తే ముందుగా మళ్లీ టెస్టు చేయించాలి.

ఎందుకంటే ఒంట్లో నీరు తగ్గినా, రక్తం తీసేటప్పుడు చేతికి పట్టీ ఎక్కువసేపు బిగించినా ఈ అంకె పెరగొచ్చు. విటమిన్ డి, కాల్షియం, కొన్ని బీపీ మాత్రలు వాడుతుంటే డాక్టర్‌కు చెప్పండి, సొంతంగా ఆపేయొద్దు.

రెండోసారీ ఎక్కువే వస్తే పీటీహెచ్ పరీక్ష కీలకం. కాల్షియం పెరిగినా పీటీహెచ్ తగ్గలేదంటే మెడలోని పారాథైరాయిడ్ గ్రంథులపై అనుమానం. పట్టించుకోకపోతే కిడ్నీలో రాళ్లు, ఎముకల బలహీనత వచ్చే ముప్పుంది. విపరీతమైన దాహం, వాంతులు, మతిమరుపు ఉంటే మాత్రం వెంటనే ఆసుపత్రికి వెళ్లాల్సిందే.