అమెరికా పౌరసత్వ ఇంటర్వ్యూకి వెళ్ళబోయే మన ఊరి పిల్లలకి

తుమ్మపాల,
అనకాపల్లి జిల్లా.



ఫోన్లు చేసినప్పుడూ, కొత్త అమావాస్య జాతరకి నూకాలమ్మ దర్శనానికి వచ్చినప్పుడూ మీరు నన్ను అడిగేది ఒకటే. “తాతా, సిటిజన్‌షిప్ ఇంటర్వ్యూలో ఏం అడుగుతారు?” మీ మామ్మా నేనూ కొడుకు దగ్గర ఉండి, డల్లాస్‌లో ఆ ఇంటర్వ్యూకి కూర్చుని వచ్చినవాళ్ళమే. అందుకని అందరికీ కలిపి రాస్తున్నాను.

ముందు ప్రశ్నల సంగతి తేల్చేద్దాం. 2025 అక్టోబరు 20 నుంచి దరఖాస్తు పెట్టినవాళ్ళకి 128 ప్రశ్నల పట్టిక ఉంది. అందులోంచి 20 దాకా అడుగుతారు, 12 సరిగ్గా చెప్పాలి. మా రోజుల్లో పట్టికలో వంద ఉండేవి, పది అడిగితే ఆరు చెబితే సరిపోయేది. ఇంగ్లీషులో ఒక వాక్యం చదవాలి, ఒకటి రాయాలి. తప్పితే 60 నుంచి 90 రోజుల్లోపు ఇంకోసారి పిలుస్తారు. ఇంజనీరింగ్ చదివిన మీకు ఇదేమీ భయపడేది కాదు.

నాకు భయమల్లా పౌరసత్వానికి పెట్టే ఎన్-400 దరఖాస్తు ఫారం గురించి. ఆఫీసరు మనచేత కుడిచెయ్యి ఎత్తించి, నిజమే చెబుతానని ప్రమాణం చేయించి, ఆ ఫారం ముందు పెట్టుకుంటారు. అయిదేళ్ళుగా ఎక్కడున్నారు, ఎక్కడ పనిచేశారు, దేశం దాటి ఎప్పుడెప్పుడు వెళ్ళారు, పన్నులు కట్టారా, పోలీసు కేసులేమైనా ఉన్నాయా అని అడుగుతారు. కేసు కొట్టేసినా, ఎన్నేళ్ళ కిందటిదైనా, అడిగినదానికి ఉన్నది ఉన్నట్టు చెప్పండి. చాలా చిన్న తప్పుల్ని వాళ్ళు మన్నిస్తారు. దాచారని తేలితే మాత్రం మన్నించరు. కావాలని దాచిపెట్టి తెచ్చుకున్న పౌరసత్వాన్ని ఆ తర్వాత ఎన్నేళ్ళకైనా కోర్టు ద్వారా వెనక్కి తీసుకోగలరు.

మీ ఫైలు గ్రీన్‌కార్డుతో మొదలవదు. మీరు విద్యార్థిగా వెళ్ళినప్పటి కాగితాలూ అందులోనే ఉంటాయి. 2011లో కాలిఫోర్నియాలో ట్రైవ్యాలీ యూనివర్సిటీ మీద వీసా మోసం కేసులో దాడులు జరిగినప్పుడు ఎక్కువగా ఇరుక్కున్నది మన తెలుగు పిల్లలే. 2019లో బయటపడ్డ మిషిగన్‌లోని ఫార్మింగ్టన్ యూనివర్సిటీ అయితే అధికారులే ఎరగా పెట్టిన ఉత్తుత్తి కాలేజీ. అందులోనూ మనవాళ్ళే. పిల్లల్ని అలా వల వేసి పట్టడం ఒక ప్రభుత్వం చేయదగిన పని అని నేను ఈనాటికీ అనుకోను. కానీ తరగతులే జరగని చోట ఫీజు కట్టి వీసా నిలబెట్టుకోమని సలహా ఇచ్చింది మన మధ్య తిరిగే మనుషులే. అనుభవం లేని జూనియర్‌కి మీరెవరూ అలాంటి సలహా ఇవ్వకండి.

ఇంకో గొయ్యి ఉంది. డ్రైవింగ్ లైసెన్సుకి వెళ్ళినప్పుడు ఓటరుగా నమోదు చేయమంటారా అని అక్కడ అడుగుతారు. గ్రీన్‌కార్డు మీద ఉన్నవాళ్ళు పొరపాటున కూడా అవునని టిక్కు పెట్టకూడదు. అక్కడి పౌరుడినని చెప్పుకున్నట్టే అవుతుంది, ఇంటర్వ్యూలో అది ముందుకొస్తుంది. 18 నుంచి 26 ఏళ్ళ మధ్య గ్రీన్‌కార్డుతో అక్కడున్న మగపిల్లలు, సైనిక అవసరాలకి పేర్లు రాసుకునే సెలెక్టివ్ సర్వీస్‌లో తమ పేరు నమోదైందో లేదో చూసుకోవాలి.

ఇక మీ అమ్మానాన్నల విషయం. నాకు మరీ దిగులుగా ఉండేది వీళ్ళ గురించే. ఏభై దాటిన పెద్దవాళ్ళకి ఇంగ్లీషు అక్కర్లేదట, తెలుగులో చెప్పుకోవచ్చట అని మన ఊళ్ళో ఒక మాట తిరుగుతోంది. ఆ మినహాయింపు ఉన్న మాట నిజమే. ఏభై ఏళ్ళు నిండి, గ్రీన్‌కార్డు మీద 20 ఏళ్ళు అక్కడ ఉన్నవాళ్ళకి. లేదా 55 నిండి 15 ఏళ్ళు ఉన్నవాళ్ళకి. అరవయ్యో ఏట పిల్లల దగ్గరికి వెళ్ళి, అయిదేళ్ళవగానే దరఖాస్తు పెట్టే మనవాళ్ళకి అది ఎలా వర్తిస్తుంది? చెరకు తోటలో బతుకంతా గడిపిన తల్లి ఇంగ్లీషులో చదివి, రాసి, జవాబు చెప్పాలి. జబ్బు వల్ల నేర్చుకోలేనివాళ్ళకి డాక్టరు నింపే ఎన్-648 ఫారం ఉంది గానీ, వయసు మీరడం, చదువు లేకపోవడం దానికి కారణాలుగా పనికిరావు. డబ్బు తీసుకుని అది రాయించి పెడతామనేవాళ్ళని గుమ్మంలోకి రానివ్వకండి. మీ మామ్మ రోజూ పొద్దున్న వంటింట్లో అక్షరాలు దిద్దింది, మనవరాలు పక్కన కూర్చుని దిద్దించింది. మీరూ అలా కూర్చోండి.

పెద్దవాళ్ళకి ఊరి మీద ధ్యాస పోదు. పొలం పనికని వచ్చి ఆరు నెలలు దాటి ఉండిపోతే అమెరికాలో నివాసం తెగినట్టు లెక్కగట్టవచ్చు. ఏడాది దాటితే తెగినట్టే. అయిదేళ్ళలో కనీసం 30 నెలలు అక్కడ ఉండి తీరాలి. టిక్కెట్లు కొనేది మీరే గనక ఈ లెక్క చూడవలసిందీ మీరే.

ఆ ఇంటర్వ్యూ కుర్చీలో కూర్చోవడం ఒకప్పుడు మనవాళ్ళకి దక్కేది కాదని తెలుసుకుని వెళ్ళండి. మొదటి ప్రపంచ యుద్ధంలో అమెరికా సైన్యంలో పనిచేసిన భగత్‌సింగ్ థిండ్‌ను 1923 ఫిబ్రవరిలో అక్కడి సుప్రీంకోర్టు తెల్లవాడు కాదు గనక పౌరసత్వానికి అర్హుడు కాడని తోసేసింది. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు ఆ రోజుల్లోనే బోస్టన్‌లో దిగారు. 1946లో లూస్-సెల్లర్ చట్టం వచ్చేదాకా ఆయనకి ఆ హక్కే లేదు. వచ్చాక కూడా ఆయన భారతీయుడిగానే ఉండి 1948లో న్యూయార్క్‌లో కన్నుమూశారు. ఫోలిక్ యాసిడ్, మెథోట్రెక్సేట్ మందుల వెనక ఉన్న మనిషి ఆయన. ఇక మన ఉత్తరాంధ్ర వాళ్ళు తరతరాలుగా బర్మాలోని రంగం వెళ్ళి బతికారు. 1962లో అక్కడ సైన్యం గద్దెనెక్కి వ్యాపారాలు జాతీయం చేశాక లక్షలమంది భారతీయులు కట్టుబట్టలతో తిరిగొచ్చారు. విశాఖలో బర్మా క్యాంపు అలా వెలిసిందే. ఎన్నేళ్ళు చెమటోడ్చినా, కాగితం లేనివాడికి పరాయి దేశంలో నిలవనీడ లేదని అలా తిరిగొచ్చిన ముసలివాళ్ళ నోట విన్నాను.

అయితే పౌరసత్వ ప్రమాణం చేసే ముందు ఏం వదులుకుంటున్నారో కూడా చూసుకోండి. మన రాజ్యాంగం రెండు పౌరసత్వాలు ఒప్పుకోదు. అక్కడ ప్రమాణం చేసిన క్షణం భారత పౌరసత్వం పోతుంది, పాస్‌పోర్టు అప్పగించాలి. విదేశీ పౌరులైన మనవాళ్ళకిచ్చే ఓసీఐ కార్డుతో ఎప్పుడైనా రావచ్చు, ఎన్నాళ్ళైనా ఉండవచ్చు. ఓటు లేదు. శారదా నది పక్కన చెరకు భూమి కొనాలన్నా కుదరదు, తండ్రి నుంచి వారసత్వంగా రావలసిందే. ఓటర్ల జాబితా నుంచి నా పేరు నేనే తీయించుకున్నాను. ఆ రోజు అన్నం సయించలేదు. అయినా రెండు చోట్లా పేరుంచుకుని చూసీచూడనట్టు పోయేవాళ్ళని నేను సమర్థించను. మాట ఇచ్చాక అది మాటే.

అందుకే చెబుతున్నాను. ఇంత వదులుకుని తెచ్చుకున్నదాన్ని పాస్‌పోర్టు రంగు మారడంతో సరిపెట్టకండి. ప్రమాణం చేసిన వారంలోనే ఓటరుగా పేరు రాయించుకోండి. మీ ఊరి స్కూలు బోర్డు ఎన్నికైనా సరే, మానకండి. జ్యూరీకి పిలుపు వస్తే ఆఫీసులో పనుందని తప్పించుకోకుండా వెళ్ళండి. మీ అమ్మానాన్నల చేత దరఖాస్తు పెట్టించే ముందు ఆ ఫారం మొత్తం వాళ్ళకి తెలుగులో చదివి వినిపించి, అర్థమైందన్నాకే సంతకం పెట్టించండి.

ఇట్లు,
మీ మేలు కోరే తాత