నడిచొచ్చినవాడినీ రసీదు అడగాలి

పోయిన ఆదివారం మా కాలనీ కుర్రాళ్లు లాక్కెళితే ఒక సేవా నడకకు వెళ్లాను. మూడు కిలోమీటర్లు. రిజిస్ట్రేషన్ 500 రూపాయలు. దానికి ఒక టీషర్టు, ఒక అరటిపండు, మెడలో వేసుకోవడానికి ఒక రేకు మెడల్ ఇచ్చారు. ఎండ ముదరకముందే ఇంటికొచ్చి ఇడ్లీ తిన్నాను. సాయంత్రం నిర్వాహకుల్లో ఒకతను కనిపిస్తే, "ఎంత పోగైంది బాబూ? పిల్లల వైద్యానికి ఎంత వెళ్తోంది?" అని అడిగాను. "ఇంకా తేలలేదంకుల్" అన్నాడు. టీషర్టు ఒక్క ఉతుకుకే రంగు దిగింది. లెక్క మాత్రం ఈ రోజుకీ తేలలేదు.

ఎగతాళికి చెప్పడం లేదు. నడిచొచ్చి అడిగితే మనవాళ్లు కాదనలేరు. శివరాత్రికి శ్రీశైలం నడిచి వెళ్లేవాళ్లకు దారి పొడవునా పందిళ్లు వేసి మజ్జిగ, పులిహోర పెడతారు. కారులో వచ్చి చందా అడిగినవాడిని రసీదు పుస్తకం చూపించమంటాం. కాళ్లు బొబ్బలెక్కి గుమ్మంలో నిలబడ్డవాడికి ముందు మంచినీళ్లిస్తాం. రసీదు సంగతి మనకు గుర్తే రాదు.

ఆ మంచితనం ఎంత ఇవ్వగలదో వినోబా భావే మన నేల మీదే చూశారు. 1951 మార్చిలో బయల్దేరి ఆయన వార్ధా దగ్గరి పౌనార్ నుంచి, హైదరాబాద్ పక్కన శివరాంపల్లిలో జరిగే సర్వోదయ సమ్మేళనానికి కాలినడకన వచ్చారు. సమ్మేళనం అయ్యాక నేరుగా ఇంటిదారి పట్టలేదు. ఒకవైపు సాయుధ పోరాటం, మరోవైపు పోలీసు క్యాంపులు ఉన్న తెలంగాణ పల్లెల్లోకి నడిచారు. ఏప్రిల్ 18న నల్గొండ జిల్లా పోచంపల్లిలో మకాం. దళితవాడకు వెళ్లి మీకేం కావాలని అడిగితే, 80 ఎకరాలుంటే బతుకుతామన్నారు. సగం తరి, సగం మెట్ట. ఊళ్లోవాళ్లు ఎవరైనా ఇస్తారా అని ఆయన అడిగేసరికి వెదిరె రామచంద్రారెడ్డి లేచి 100 ఎకరాలిస్తానన్నారు. భూదానం అలా మొదలైంది. ఆ ఊరు ఇప్పటికీ భూదాన్ పోచంపల్లే.

ఇక రోజూ అదే వరస. చీకటితో లేచి ప్రార్థన, లాంతరు వెలుగులో నడక, పై ఊళ్లో బస, సభ. ఐదుగురు కొడుకులుంటే నన్ను ఆరోవాడిగా లెక్కేసుకుని నా వాటా ఇవ్వండని అడిగేవారు. అప్పటికి ఆయనకు 55 ఏళ్లు, కడుపులో పుండు. 51 రోజుల్లో తెలంగాణలో సుమారు 200 ఊళ్లు తిరిగితే 12 వేల ఎకరాల దానం వచ్చింది.

దూరపు నడకకు బలం మకాంలోనే ఉంటుంది. చీకటి పడేసరికి నడిచేవాడు ఎవరో ఒకరి అతిథి కావాల్సిందే. ఎవరి కష్టం కోసం బయల్దేరాడో వాళ్ల బావి నీళ్లు తాగి, వాళ్ల వసారాలో పడుకుంటాడు. ఆ అతిథే బరువైతే ఏమవుతుందో గాంధీ గమనించారు. 1930లో దండి దారిలో, భట్‌గామ్ మకాంలో కూలీల నెత్తిన బరువైన కిట్సన్ దీపాలు మోయించారని, సూరత్ నుంచి లారీలో పాలు తెప్పించారని ఆయనకు తెలిసింది. సభలోనే అందరి ముందూ తననూ తన బృందాన్నీ తప్పుపట్టుకున్నారు. నడక ఖర్చు లెక్క దారిలోనే చూశారన్నమాట.

వినోబా నడకలో చిక్కు కూడా మకాం దగ్గరే వచ్చింది. ఊరికి ఒక్క రాత్రి. తెల్లారేసరికి ఆయన పై ఊరి దారిలో ఉండేవారు. ఇస్తానన్న మాట ఊళ్లోనే ఉండిపోయేది. సర్వే నంబరు ఏది, హద్దులెక్కడ, పట్టా ఎవరి పేరున, పంచేది ఎవరికి? ఇవన్నీ నెలల తరబడి ఊళ్లో కూర్చుని తేల్చాల్సిన పనులు. దాదాపు 13 ఏళ్ల నడకలో దేశమంతటా 40 లక్షల ఎకరాలకు పైగా దానంగా ప్రకటించారు. అందులో పెద్ద భాగం పేదల చేతికి చేరలేదు. కొంత రాళ్ల నేల, కొంత తగాదాల్లో ఉన్నది. మన దగ్గర 1965లో ఈ దాన భూముల కోసం ఒక చట్టమూ వచ్చింది. అయినా హైదరాబాద్ చుట్టుపక్కల ధరలు పెరిగాక భూదాన భూమి అన్న మాట ఎక్కువగా కబ్జా వార్తల్లోనే వినిపిస్తోంది.

కెనడాలో సరిగ్గా దీనికి తిరగేసిన కథ ఉంది. క్యాన్సర్‌కు కుడి కాలు పోగొట్టుకున్న 21 ఏళ్ల టెర్రీ ఫాక్స్ 1980 ఏప్రిల్‌లో కృత్రిమ కాలుతో దేశం దాటడానికి పరుగు మొదలుపెట్టాడు. వెంట ఒక స్నేహితుడు, ఒక వ్యాను. రోజుకు సగటున 37 కిలోమీటర్లకు పైగా, 143 రోజుల్లో 5,373 కిలోమీటర్లు వెళ్లాడు. క్యాన్సర్ ఊపిరితిత్తులకు పాకడంతో సగం దారి దాటాక ఆగిపోయాడు. మరుసటి ఏడాది చనిపోయాడు. కానీ వెనక మిగిలినవాళ్లు కూర్చుని పని చేశారు. 1981 నుంచి ఏటా అతని పేరిట పరుగు జరుగుతోంది. అక్కడి మన తెలుగు పిల్లలూ బళ్లలో ఆ రోజు పరిగెత్తుతారు. క్యాన్సర్ పరిశోధనకు ఇప్పటికి 80 కోట్ల కెనడా డాలర్లకు పైగా సమకూరింది.

వినోబా కన్నా టెర్రీ గొప్పవాడని నేననను. ఒకరికి వెనక పనిచేసే చేతులు చాలలేదు, ఒకరికి దొరికాయి. అంతే తేడా.

ఈ చలికాలం ఏ హాస్టలు కోసమో, ఏ ఆస్పత్రి కోసమో గుడారాలు మోసుకుని నడవబోయే కుర్రాళ్లకు నాదొక్క మాట. వెళ్లండి. బడి వరండాల్లో పడుకోండి, పెట్టింది తినండి. ఆరు నెలల తర్వాత అదే దారిన ఇంకోసారి రండి. ఈసారి బస్సులో వచ్చినా ఫర్వాలేదు. ఎంత పోగైంది, ఎంత ఖర్చయింది, ఎంత ఎవరికి చేరింది, ఒక కాగితం మీద రాసి, మీరు పడుకున్న ఆ బడి గోడకే అంటించి వెళ్లండి.

ఇచ్చేవాళ్లకూ ఒక మాట. నడిచొచ్చినవాడికి మంచినీళ్లివ్వండి, అన్నం పెట్టండి, కాళ్లకు వేడినీళ్లు పెట్టండి. పొద్దున్నే బయల్దేరేటప్పుడు రసీదు అడగండి.

– బాటసారి