జిర్కటాంగ్ గేటు దగ్గరే ఆపాలి

అండమాన్ ట్రంక్ రోడ్డు మీద ఉత్తరానికి పోయే ప్రతి బండీ జిర్కటాంగ్ చెక్‌పోస్టు దగ్గర ఆగాల్సిందే. అక్కడి నుంచి మిడిల్ స్ట్రెయిట్ దాకా సుమారు 50 కిలోమీటర్లు జారవాల అడవి. నిర్ణీత వేళల్లో, పోలీసు కాపలాతో, కాన్వాయ్‌గానే వెళ్లాలి. మధ్యలో ఆగకూడదు. ముందు బండిని దాటకూడదు. ఫొటోలు తీయకూడదు. అవతలి గేటు దాటాకే ఎవరి దారి వారిది.

ఈ రోడ్డుకూ మన కంప్యూటర్ల లోపలి వ్యవహారానికీ పోలిక చెబితే వింతగా అనిపించవచ్చు. కానీ ప్రపంచంలోని సర్వర్లలో అధికభాగాన్ని నడిపే లినక్స్‌లో ఇలాంటి గేటే ఒకటుంది. దాని పేరు వెరిఫయర్. గేటు దగ్గర ఏం తనిఖీ చేయాలి, ఎప్పుడు చేయాలి అన్నదానిపై 2025లో అక్కడ ఒక చిన్న మార్పు జరిగింది. వార్తల్లోకి ఎక్కేంత పెద్దది కాదు గానీ, నియమాల గురించి ఆలోచించేవారికి అందులో పాఠం ఉంది.

కంప్యూటర్‌కు గుండెకాయ కెర్నెల్. బయటి ప్రోగ్రామ్‌లో తప్పుంటే ఆ ప్రోగ్రామ్ ఒక్కటే పడిపోతుంది. కెర్నెల్‌లో తప్పుంటే మెషిన్ మొత్తం కుప్పకూలుతుంది. 2024 జూలై 19న ప్రపంచం చూసింది ఇదే. క్రౌడ్‌స్ట్రైక్ అనే భద్రతా సంస్థ పంపిన ఒక అప్‌డేట్ 85 లక్షల విండోస్ మెషిన్లను పడగొట్టింది. మన విమానాశ్రయాల్లో బోర్డింగ్ పాసులు చేత్తో రాసిచ్చారు. మరమ్మతుకు చాలాచోట్ల మనిషి ఒక్కో మెషిన్ దగ్గరికీ వెళ్లాల్సి వచ్చింది. సముద్రగర్భ కేబుల్ 2020 ఆగస్టులో గానీ రాని, విశాఖ నుంచి ఓడలో రెండు మూడు రోజులు పట్టే ఈ దీవుల్లో అలాంటి మరమ్మతు అంటే ఏమిటో వేరే చెప్పనక్కర్లేదు.

లినక్స్ వేరే దారి పట్టింది. బయటివారు రాసిన చిన్న ప్రోగ్రామ్‌లను కెర్నెల్‌లోకి రానిచ్చే ఏర్పాటు, ఈబీపీఎఫ్, 2014లో అందులో చేరింది. అయితే ఒక షరతు. ప్రోగ్రామ్ నడవకముందే వెరిఫయర్ దాన్ని వరుసవారీగా చదువుతుంది. అది పట్టగల ప్రతి దారినీ కాగితం మీద లెక్క కట్టినట్టు చూస్తుంది. ఒక్క దారిలో ప్రమాదం కనిపించినా లోపలికి రానివ్వదు.

ఇక ఇటరేటర్ల సంగతి. కెర్నెల్‌లో నడుస్తున్న పనులన్నిటి జాబితా ఉంటుంది. దాన్ని ఒక్కొక్కటిగా చూసుకుంటూ పోయే సాధనమే ఇటరేటర్. చిక్కేమిటంటే, మనం చూస్తుండగానే జాబితా మారుతుంటుంది. పనులు పుడతాయి, పోతాయి. చిరునామా పట్టుకుని వెళ్లేసరికి ఇల్లే ఉండదు. ఆ ఖాళీ స్థలంలో వేరేవారు కాపురం పెట్టి ఉంటే ఇంకా ప్రమాదం.

దీనికి విరుగుడు ఆర్‌సీయూ అనే రక్షణ. పాల్ మెకెన్నీ ఆలోచనకు ఐబీఎం భారత విభాగంలోని దీపాంకర్ శర్మ వంటివారు రూపమివ్వగా 2002లో లినక్స్‌లోకి వచ్చింది. సూత్రం కాన్వాయ్ లాంటిదే. చదివేవారు లోపలికి వచ్చామని చెప్పి ప్రవేశించాలి, పని అయ్యాక బయటికి వచ్చామని చెప్పాలి. వారు లోపల ఉన్నంతసేపూ పాత వస్తువులను ఎవరూ తీసిపారేయరు. బదులుగా వారు దారిలో ఆగి కునుకు తీయకూడదు. తీస్తే వెనక పని మొత్తం నిలిచిపోతుంది.

కాబట్టి పనుల జాబితాపై ఇటరేటర్ నడిపేవారు మొదటి అడుగు నుంచి చివరి అడుగు దాకా ఈ రక్షణలోనే ఉండాలి. మధ్యలో వదిలి మళ్లీ పట్టుకున్నా చెల్లదు. ఈ నియమాన్ని వెరిఫయర్ 2023 నుంచీ అమలు చేస్తోంది. కాకపోతే కాస్త తిరకాసుగా. రక్షణ లేకుండా ఇటరేటర్‌ను మొదలుపెట్టినప్పుడు మాట్లాడేది కాదు. తర్వాతి అడుగు వేయబోయినప్పుడే తప్పుపట్టేది. ప్రోగ్రామ్‌ను ఎలాగూ తిరస్కరించేది కనుక ప్రమాదం లేదు. కానీ తప్పు ఒకచోట, కేక మరోచోట. జిర్కటాంగ్‌లో పర్మిట్ అడగకుండా మిడిల్ స్ట్రెయిట్‌లో అడిగినట్టు. పైగా అదే గుర్తు వేసుకున్న ఇతర ఫంక్షన్లకు నియమం వర్తించేదే కాదు. గుర్తు ఉంది, అమలు లేదు.

2025లో కుమార్ కార్తికేయ ద్వివేది పంపిన మార్పుతో ఇది సరైంది. ఆ గుర్తున్న ఏ ఫంక్షన్‌నైనా సరే, రక్షణలో లేకుండా పిలిస్తే, పిలిచిన వరుస దగ్గరే వెరిఫయర్ ఆపేస్తుంది.

దొంగలు పడ్డ ఆర్నెల్లకు కుక్కలు మొరిగే వ్యవస్థలకు అలవాటుపడ్డ మనకు ఇందులో రెండు విషయాలు కనిపిస్తాయి. ఒకటి, నియమం పుస్తకంలో ఉంటే చాలదు, అది వర్తించే ప్రతిచోటా ఒకేలా వర్తించాలి. రెండు, తప్పు మొదలైన చోటే పట్టుకోవాలి.

అయితే కాపలాదారు మాటేమిటి? 2012 జనవరిలో జారవా మహిళలతో నృత్యం చేయించిన వీడియో బయటపడినప్పుడు ప్రశ్నలు లేచింది కాపలా ఉండాల్సిన పోలీసుల పాత్ర మీదే. క్రౌడ్‌స్ట్రైక్‌లోనూ అంతే. ఆ అప్‌డేట్‌ను వడపోయాల్సిన సాఫ్ట్‌వేర్‌లోనే లోపముందని సంస్థే ఒప్పుకుంది. లినక్స్ వెరిఫయర్ కూడా అతీతమేమీ కాదు. దాని లెక్కలోని ఒక పొరపాటును వాడుకుని కెర్నెల్‌పై పట్టు సాధించవచ్చని 2020లో ఒక హ్యాకింగ్ పోటీలో నిరూపించారు. కంచె చేను మేసే సందర్భాలు ఎక్కడైనా ఉంటాయి.

తేడా ఒక్కటే. వెరిఫయర్ తప్పు చేస్తే ఆ కోడ్ అందరికీ కనిపిస్తుంది, ఎవరైనా దిద్దుబాటు పంపవచ్చు, ఆ దిద్దుబాటు పైనా బహిరంగంగా వాదించవచ్చు. జారవాల అడవిలో ఆ రోడ్డును మూసేయాలని సుప్రీంకోర్టు ఆదేశించింది 2002 మేలో. ఆర్‌సీయూ లినక్స్‌లోకి వచ్చిన ఏడాదే. ఆ కోడ్‌లో అప్పటి నుంచీ లెక్కలేనన్ని దిద్దుబాట్లు జరిగాయి. జిర్కటాంగ్ దగ్గర కాన్వాయ్ మాత్రం ఇంకా బయల్దేరుతూనే ఉంది.