మురుగు లారీ ఎచ్చటికి పోవుచున్నది?

చెన్నపట్టణమునుండి తిరుచ్చి పోవు రహదారిలో చెంగల్పట్టు దాటి కొంతదూరము సాగినచో, మధురాంతకమునకు సమీపమున కరుంగుళి యను ఊరు తగులును. పేరునకు పట్టణ పంచాయతీయే గాని, వరిపొలముల నడుమ నున్న పెద్దపల్లె యనిన తప్పులేదు. సెప్టిక్ ట్యాంకులనుండి తోడిన బురదను శుద్ధిచేయు కేంద్రము తమిళనాడునందు మొట్టమొదట వెలసినది ఈ చిన్న యూరనే. రోజునకు సుమారు 23 వేల లీటర్ల బురదను స్వీకరింపగల ఈ కేంద్రమున భారీ యంత్రములకంటె ఇసుకకును ఎండకును పని యెక్కువ. లారీ తెచ్చిన బురద ఆరబెట్టు ఇసుకమళ్ళలో పరచబడగా, నీరు క్రిందికి వడిసి వేరుగా శుద్ధిపొందును. పైని మిగిలినది ఎండి ఎరువగుటకు సిద్ధమగును.

ఇంత స్వల్పమైన యేర్పాటును గూర్చి వ్రాయనేల యనువారు, మహానగరపు పొలిమేరలలో చీకటిపడు వేళ చెరువుగట్టున నిలిచి చూతురు గాక. లారీ యొకటి వచ్చి, దీపములార్పి, కల్వర్టు ప్రక్కన ఆగును; మనిషి దిగి లావుపాటి గొట్టమును కాలువలోనికి జారవిడిచి మర త్రిప్పును; ఒక యింట యేండ్ల తరబడి పేరుకొన్న మాలిన్యము కొన్ని నిమిషములలో చెరువు పాలగును. లారీవానిని దుష్టుడనుట సులభము. కాని శుద్ధికేంద్రము దూరమైనయెడల డీజిలు ఖర్చును, ఒక పూట కాలమును, ఆ పూటలో రాదగిన మరియొక బేరమును అతడు పోగొట్టుకొనవలెను. దగ్గరలో చోటు చూపక జరిమానాతో మాత్రమే బెదరించినచో అతడు మరింత చీకటిని వెదకుకొనును.

పల్లెలకును భూగర్భ మురుగుకాలువలు వేయవలెనని కోరు నాయకులు కలరు. వారి యుద్దేశము మంచిదే. కాని గొట్టములలో మలినము నిలువక కొట్టుకొనిపోవుటకు తగినంత ప్రవాహ ముండవలెను. భూగర్భ కాలువలున్న పట్టణములకు మనిషికి రోజునకు 135 లీటర్లు కావలెనని కేంద్రప్రభుత్వపు కొలమానము చెప్పుచుండగా, 2019 లో ప్రారంభమైన జలజీవన్ పథకము పల్లెవాసికి వాగ్దానము చేసినది 55 లీటర్లే. ఆ కొద్దినీటితో కాలువ పూడును. పూడినదానిని తీయుటకు మరల మనిషినే దింపుదురు.

దింపబడు ఆ మనిషి యెవరో మనము మరువరాదు. చెన్నపట్టణపు పారిశుద్ధ్య కార్మికులలో అనేకులు తరముల క్రిందట ఆంధ్రదేశమునుండి వలసవచ్చిన తెలుగు దళితుల సంతతివారు. సఫాయి కర్మచారీ ఆందోళన్ నాయకుడై 2016 లో మెగసెసె పురస్కారము నందిన బెజవాడ విల్సన్ కూడ పారిశుద్ధ్య కార్మిక కుటుంబమున జన్మించినవాడే. రక్షణ పరికరములు లేక మనిషిని ట్యాంకులోనికి దింపరాదని 2013 నాటి శాసనము నిషేధించినది. అయినను విషవాయువులకు బలియగువారి వార్తలు నేటికిని ఆగలేదు.

మరి భూగర్భ కాలువలు లేక పల్లె మురుగు ఏమి కావలెను? రెండువేల జనమున్న గ్రామమునకు పైని చెప్పిన 55 లీటర్ల లెక్కన రోజునకు లక్షాపదివేల లీటర్ల నీరు వచ్చును. అందు ఐదింట నాలుగు పాళ్ళు మురుగై వెలువడునని ఇంజనీర్ల అంచనా. కాని ఇందధికభాగము స్నానమునకును, బట్టలకును, పాత్రలకును వాడిన నీరే. దీనిని మలముతో కలుపక, పెరటి ఇంకుడుగుంతలోనికో అరటిపాదులోనికో మరల్చినచో వీధిలో బురదయే కానరాదు. భూగర్భజలము మరీ పైన నున్న సముద్రతీర గ్రామములలో మాత్రము గుంత పనికిరాదు. అచ్చట గులకరాళ్ళలో రెల్లును పెంచి నీటిని వడియగట్టుట మేలు.

ఇక మిగిలినది మరుగుదొడ్డి ట్యాంకు. రెండు గదులు, గచ్చు చేసిన అడుగు, మిగులునీటికి ఇంకుడుగుంత, రెండుమూడేండ్లకొకమారు యంత్రముతో తోడించుట — ఇది విధి. మన ఊళ్ళలో పెక్కింట కట్టుచున్నది అడుగులేని పెద్దగొయ్యి. తోడించు ఖర్చు తప్పినదని యజమాని సంతోషించుచుండగా, మలినము ప్రక్కబావిలోనికి ఊరుచుండును. ఇంటికి అనుమతి నిచ్చునప్పుడే పంచాయతీవారు ట్యాంకు అడుగును స్వయముగా చూడవలెను.

చెంగల్పట్టు, తిరువళ్ళూరు జిల్లాలలోను, మన నెల్లూరు, చిత్తూరు సీమలలోను, లారీ గంటలో పోయి రాగల దూరమున కొన్ని గ్రామములకొక శుద్ధికేంద్రము చొప్పున స్థలము కేటాయింపవలెను. కట్టుటకు వచ్చు నిధులతో పని ముగియదు. ఆరబెట్టు మళ్ళ ఇసుకను మార్చుటకును, కాపలాదారునకును, బురద తిప్పువారి జీతములకును ఏటేట కొంత సొమ్ము బడ్జెటులో వ్రాసియుంచవలెను. తెచ్చిన ప్రతి లోడునకు లారీవానినుండి రుసుము వసూలుచేయుటకు మారుగా, గృహస్థుల పన్నునుండి అతనికే కొంత చెల్లించుట మంచిది. అప్పుడతడు దీపములార్పవలసిన పనియుండదు.