నొప్పి మోకాలిలో, మూలం అడుగులో

పోలీసు, సైనిక కొలువుల ప్రకటన వెలువడితే చాలు, మన పల్నాటి పల్లెల్లో కోడికూతకు ముందే పరుగు మొదలవుతుంది. నరసరావుపేట, మాచర్ల, గురజాల ప్రాంతాల్లో కళాశాల మైదానాలు, సాగర్ కుడికాలువ గట్లు, తారురోడ్డు అంచులు యువతీయువకులతో నిండుతాయి. ఇది సంతోషించదగిన విషయమే. కాని మూడు నాలుగు వారాలు గడిచేసరికి వారిలో కొందరు కుంటుతూ వైద్యశాల మెట్లెక్కుతారు. "మంచి తైలం ఏదైనా ఇవ్వండి వైద్యులుగారూ, ఈ నెల గడిస్తే చాలు" అంటారు. తైలం ఇవ్వడం తేలిక. అయితే దానితోబాటు, "నీ పరుగు తీరును తెలిసినవారిచేత ఒకసారి పరీక్ష చేయించుకో నాయనా" అని చెప్పడం కూడా వైద్యధర్మమేనని నా నిశ్చితాభిప్రాయం.

గత కానిస్టేబుల్ నియామకాన్నే తీసుకుందాం. 6,100 కొలువులకు 2022 నవంబరులో ప్రకటన వెలువడింది. 2023 జనవరిలో ప్రాథమిక పరీక్ష జరిగింది. దేహదార్ఢ్య పరీక్షలు మొదలైనది మాత్రం 2024 డిసెంబరు చివరిలో. ఇంతకాలం ఎదురుచూసి, తేదీ తెలిసిన తరువాత ఒక్కసారిగా పరుగందుకున్నవారు ఎందరో! అందులో 1,600 మీటర్ల దూరాన్ని పురుషులు 8 నిమిషాల్లో, స్త్రీలు 10 నిమిషాల 30 సెకన్లలో ముగించాలి. నిమిషానికి 165 అడుగుల లెక్కన 8 నిమిషాలకు 1,320 అడుగులు. పరుగులో అడుగు నేలను తాకిన ప్రతిసారీ శరీర బరువుకు రెండు మూడింతల భారం ఆ కాలిపై పడుతుంది. అంటే 60 కిలోల యువకుని ఒక్కొక్క కాలు, 120 నుండి 180 కిలోల భారాన్ని 660 సార్లు మోయాలి. ఇది ఒక్క పరుగుకే! అడుగు పడే తీరులో వెంట్రుకవాసి దోషమున్నా, నెలరోజుల సాధనలో అది ఎన్ని వేల మార్లు పునరావృతమవుతుందో పాఠకులే ఊహించుకోవచ్చు.

శాస్త్రం ఏమంటున్నది?

ఇదేదో పాశ్చాత్యుల వింత అనుకోనక్కరలేదు. సుశ్రుతాచార్యులు వాతవ్యాధులను వివరించేచోట 'వాతకంటకం' అనే వ్యాధిని పేర్కొన్నారు. పాదాన్ని విషమంగా, అనగా వంకరగా, ఎగుడుదిగుడుగా మోపడంవల్ల వాతం ప్రకోపించి పాదంలో కలిగించే బాధ అది. వాగ్భటాచార్యులు దీనికి శ్రమను కూడా కారణంగా జోడించారు. అడుగు పడే తీరే రోగకారణమని మన ఆచార్యులు ఎంత స్పష్టంగా గుర్తించారో చూడండి! కారణాన్ని తొలగించడం, అనగా నిదాన పరివర్జనం, చికిత్సలో మొదటి మెట్టు. అడుగులోని దోషాన్ని అలాగే ఉంచి మోకాలికి తైలం రాయడం, కప్పు కారుతూ ఉండగా గచ్చు తుడవడం వంటిది.

దర్శనం, స్పర్శనం, ప్రశ్న అని రోగపరీక్ష మూడు విధాలు. గురుకులంలో మా గురువుగారు, రోగి వాకిలి దాటి అరుగు చేరేలోపునే అతని నడకను గమనించమనేవారు. నేటి పరుగు పరీక్ష కూడా దర్శన పరీక్షయే. పనిముట్టు మాత్రమే కొత్తది.

కంటికి అందని వేగం

నడకను కన్ను పట్టగలదు గాని పరుగును పూర్తిగా పట్టలేదు. గుర్రం దౌడు తీసేటప్పుడు నాలుగు కాళ్లూ ఒకేసారి గాలిలో ఉంటాయా, ఉండవా అనే వాదం ఎంతోకాలం తేలలేదు. 1878లో కాలిఫోర్నియాలో మైబ్రిడ్జి అనే ఛాయాగ్రాహకుడు వరుసగా కెమెరాలు అమర్చి ఫొటోలు తీసినప్పుడుగాని, ఉంటాయని రుజువు కాలేదు. నేడు క్రీడాగాయాల్లో అనుభవమున్న ఫిజియోథెరపిస్టు చేసేది ఇంచుమించు అటువంటిదే. అభ్యర్థిని ట్రెడ్‌మిల్‌పైనో మైదానంలోనో పరుగెత్తించి, పక్కనుండి, వెనుకనుండి వీడియో తీసి, దానిని నిదానంగా నడిపించి చూస్తారు. తరువాత తుంటి, మోకాలు, చీలమండల కదలికను, కండరాల బలాన్ని చేతితో పరీక్షిస్తారు. పాత గాయాలను, వారానికి పరుగెత్తే దూరాన్ని అడిగి తెలుసుకుంటారు. దర్శన, స్పర్శన, ప్రశ్నలు మూడూ ఇందులో ఇమిడి ఉన్నాయి.

తరచుగా కనబడే దోషాలు కొన్నే. శరీరాన్ని మించి పాదాన్ని చాలా ముందుకు చాచి మడమపై బలంగా మోపడం ఒకటి. అడుగడుగునా నడుము ఒకవైపుకు వాలి మోకాళ్లు లోపలికి ఒరగడం మరొకటి. తుంటి పక్కనున్న కండరాల బలహీనత దీనికి కారణం కావచ్చు. తారురోడ్డు అంచు వాలుగా ఉంటుంది గనుక ఎప్పుడూ ఒకే పక్కన పరుగెత్తేవారికి రెండు కాళ్లపై భారం సమానంగా పడదు. మొదటి దోషానికి సులభమైన ఉపాయం ఉన్నది. అదే వేగంతో పరుగెత్తుతూ, అడుగును కొంచెం కుదించి, నిమిషానికి వేసే అడుగుల సంఖ్యను నూటికి 5 నుండి 10 వంతు పెంచితే మోకాలిపై, తుంటిపై భారం తగ్గుతుందని పరిశోధనల్లో తేలింది. 160 అడుగులు వేసేవారు 168 నుండి 176 వరకు పెంచుకోవాలన్నమాట.

ఫలితమెంత? పరిమితులేమిటి?

హాంగ్‌కాంగ్‌లో కొత్తగా పరుగు మొదలుపెట్టిన 320 మందిపై జరిగిన ఒక పరిశోధన 2018లో ప్రచురితమైంది. రెండు వారాలపాటు అడుగును మెత్తగా మోపడం నేర్చుకున్నవారిలో, ఏడాది కాలంలో నూటికి 16 మంది గాయపడితే, ఆ శిక్షణ లేనివారిలో 38 మంది గాయపడ్డారు. అయితే శిక్షణ పొందినవారిలో పిక్క, మడమ వెనుక స్నాయువు నొప్పులు ఎక్కువగా కనిపించాయి. భారం మాయం కాదు, చోటు మారుతుంది. కనుక పరుగు తీరును కొన్ని వారాలపాటు క్రమంగా మార్చుకోవాలే తప్ప, పరీక్షకు పదిరోజుల ముందు మార్చుకోరాదు.

ఈ పరీక్ష కవచం కాదన్న సంగతి కూడా గుర్తుంచుకోవాలి. మన విశాఖపట్నం బిడ్డ జ్యోతి యర్రాజి 100 మీటర్ల హర్డిల్స్‌లో 2023లో బ్యాంకాక్‌లోను, 2025లో గుమిలోను ఆసియా స్వర్ణాలు సాధించింది. అంతటి క్రీడాకారిణికి, ఉత్తమ శిక్షణ అందుతూ ఉండగానే, అదే 2025లో మోకాలికి గాయమైంది. అరికాలి ఆకారాన్నిబట్టి బూట్లు ఇస్తే గాయాలు తగ్గుతాయేమోనని అమెరికా సైనిక శిక్షణార్థులపై జరిపిన పరీక్షల్లోనూ చెప్పుకోదగిన లాభం కనిపించలేదు. కాబట్టి పరీక్ష పేరుతో ఖరీదైన బూట్లు అంటగట్టేవారి విషయంలో తల్లిదండ్రులు జాగ్రత్త వహించాలి.

"మా తాతలు చెప్పులు లేకుండా పరుగెత్తారు, వారికి ఎవరు పరీక్ష చేశారు?" అని కొందరడుగుతారు. ప్రశ్న సమంజసమే. అందరికీ ఒకే ఆదర్శమైన పరుగు తీరు ఉండదు. 1952 హెల్సింకి ఒలింపిక్స్‌లో మూడు స్వర్ణాలు గెలిచిన జటోపెక్ పరుగు చూడడానికి ఎంతో వికారంగా ఉండేది! నొప్పి లేనివారి పరుగును అందం కోసం మార్చనక్కరలేదు. కాని మన తాతలు పసితనం నుండి మట్టిలో నడిచి, పొలాల్లో పరుగెత్తి, క్రమంగా బలపడినవారు. నేటి పిల్లవాడు బడికి బస్సులో వెళ్లి, ఏళ్ల తరబడి పుస్తకాల ముందు కూర్చుని, ఒకనాడు హఠాత్తుగా తారురోడ్డు మీద పరుగు తీస్తున్నాడు. ఇద్దరికీ పోలిక లేదు.

ఇంటివద్ద చేయదగినవి

ఫిజియోథెరపిస్టును కలిసేలోపు ఇంట్లోని సెల్‌ఫోనుతోనే కొంత తెలుసుకోవచ్చు. అయిదు నిమిషాలు పరుగెత్తిన తరువాత, నడుము ఎత్తులో ఫోనుంచి, పక్కనుండి ఒకసారి, వెనుకనుండి ఒకసారి స్లోమోషన్‌లో తీయించండి. పాదం మోకాలికంటే బాగా ముందుకు పడుతున్నదా, నడుము ఒకపక్కకు వాలుతున్నదా గమనించండి. పాత బూట్ల అడుగుభాగాలు రెండూ ఒకే తీరుగా అరిగాయో లేదో చూడండి. ఆ వీడియోను వైద్యునికి చూపండి.

వ్యాయామం బలంలో సగం మేరకే చేయాలని శాస్త్రం. నుదుట చెమటపట్టి, నోటితో శ్వాస తీయవలసి వస్తే ఆ హద్దు చేరినట్లే. అదైనా శీతకాల, వసంతాల మాట. రెంటచింతల ఎండల్లో ఇంకా తగ్గించాలి. పరీక్షకు సిద్ధమయ్యేవారు ఈ హద్దు దాటక తప్పని రోజులుంటాయి. వాటి మరునాడు విశ్రాంతి తీసుకోవాలి. పరుగు అనంతరం నువ్వులనూనెను గోరువెచ్చగా పిక్కలకు, అరికాళ్లకు మర్దించి, వావిలాకు వేసి కాచిన నీటితో కాపడం పెడితే కండరాల బడలిక తీరుతుంది. కాని ఎముకపై ఒకేచోట వేలు పెడితే ఓర్వలేని నొప్పి ఉన్నా, రాత్రిపూట సలుపుతున్నా, వాపు ఉన్నా మర్దన చేయరాదు. అది ఎముకలో సన్నని పగులు కావచ్చు. తొలి వారాల్లో ఎక్స్‌రేలో సైతం కనబడకపోవచ్చు. పరుగు ఆపి ఎముకల వైద్యుని సంప్రదించాలి.

పోటీ పరీక్షల శిక్షణకు వేలకు వేలు వెచ్చించే తల్లిదండ్రులకు నా మనవి ఒకటే. రుసుము చెల్లించే ముందు, "మా పిల్లవాని పరుగును ఎవరు చూస్తారు?" అని అడగండి. శిక్షణ సంస్థలు మొదటి వారంలోనే ప్రతి అభ్యర్థి పరుగును వీడియో తీయించి, ఫిజియోథెరపిస్టుకు చూపాలి. అయినా దాన్ని అడగవలసింది మనమే. మన ఇళ్లలో ఎందరో బిడ్డల కొలువు ఆ ఎనిమిది నిమిషాల మీద ఆధారపడి ఉంది. ఆ తరువాత నలభై ఏళ్లు వారిని మోయవలసినవి కూడా ఆ కాళ్లే.