విజువల్ బేసిక్‌ది సహజమరణం కాదు

కాలం మారింది, జాలం వచ్చింది, కనుక విజువల్ బేసిక్, డెల్ఫీల వంటి సాధనాలు వాటంతట అవే వెనుకబడ్డాయన్న వాదాన్ని నేను అంగీకరించను. జాలం దెబ్బ నిజమే. ప్రతి కంప్యూటరులోనూ విడివిడిగా స్థాపించే శ్రమను అది తప్పించింది. అయితే ఆ దెబ్బ పూర్తిగా తగలకముందే, వీటిని కన్నవారే వీటి గొంతు నులిమారు.

1991లో విజువల్ బేసిక్ రాకముందు, విండోస్‌లో ఒక ఖాళీ గవాక్షాన్ని తెరపై నిలపడానికే సీ భాషలో పుటెడు కోడ్ రాయవలసి వచ్చేది. ఆ తర్వాత, ఫారం మీద బటనును లాగి పెట్టి రెండుసార్లు నొక్కితే, అది ఏం చేయాలో రాసే చోటు తెరుచుకునేది. నడుస్తున్న ప్రోగ్రామును మధ్యలో ఆపి, తప్పిన వరుసను దిద్ది, అక్కడి నుంచే కొనసాగించే వీలుండేది. 1995లో బోర్లాండ్ తెచ్చిన డెల్ఫీ ఇంకొక మెట్టు పైది. అదే సౌలభ్యం, పైగా నేరుగా యంత్రభాషలోకి మారి వేగంగా పరుగెత్తే ప్రోగ్రాము. (నా ఓటు ఎప్పుడూ డెల్ఫీకే. ఆ తగవు మరోసారి.)

"వీబీ రాసేవాడూ ప్రోగ్రామరేనా?" అని ఈసడించిన పండితులకు నా జవాబు ఒకటే. మందుల దుకాణం లెక్క ఆ దుకాణదారుకు తెలిసినట్టు మీకు తెలుసా? తన పనికి కావలసిన పనిముట్టును తానే చేసుకునే అవకాశం అతనికి దక్కింది. అతని కోడ్ అందంగా లేకపోవచ్చు, బిల్లు మాత్రం సరిగ్గా వచ్చేది.

మరి జరిగిందేమిటి? 2002లో మైక్రోసాఫ్ట్ డాట్‌నెట్‌ను తెచ్చి, పాత పేరునే మరొక భాషకు తగిలించింది. పాత ప్రోగ్రాములు అందులోకి సాఫీగా రాలేదు, చాలావాటిని తిరగరాయవలసి వచ్చింది. 2005లో ఆ సంస్థ గుర్తింపు పొందిన నిపుణులే పాత భాషను కొనసాగించమని సంతకాలు చేసి అర్థించారు. ఆలకించలేదు. ఆ ఏడు మార్చిలో ప్రధాన మద్దతు, 2008లో మిగిలిన మద్దతు ఆగిపోయాయి. విచిత్రమేమంటే, 1998 నాటి వీబీ 6తో చేసిన ప్రోగ్రాములు విండోస్ 11లోనూ నడుస్తాయి! చచ్చినదానికి ఇంత ఆయువా?

బోర్లాండ్ కథ మరొకటి. డెల్ఫీ రూపశిల్పి ఆండర్స్ హెల్స్‌బర్గ్ 1996లో మైక్రోసాఫ్ట్‌కు వెళ్ళి, తర్వాత సీ షార్ప్‌ను తీర్చిదిద్దాడు. పెద్ద కంపెనీల మోజులో పడిన బోర్లాండ్ 1998లో ఇన్‌ప్రైజ్ అని పేరు మార్చుకుని, మళ్ళీ పాత పేరుకే వచ్చి, 2008లో డెల్ఫీని ఎంబార్కడెరోకు అమ్మేసింది.

లోపాలు లేవనను. తెలుగువాళ్ళం మనకే బాగా తెలుసు, వీబీ 6 సొంత టెక్స్ట్ బాక్సులో మన అక్షరాలన్నీ ప్రశ్నార్థకాలయ్యేవి. లోపల యూనికోడే ఉన్నా, తెరమీదికి వచ్చేసరికి అది పాత కోడ్‌పేజీలోకి మారిపోయేది, తెలుగుకు ఆ కోడ్‌పేజీయే లేదు. కాని ఎలుకలున్నాయని ఇల్లు తగలబెట్టుకుంటామా? డెల్ఫీ 2009 కూర్పులో ఈ లోపాన్ని దిద్దుకున్నారు కదా!

ఇప్పుడు ఆ స్థానంలో ఏముంది? ఎలక్ట్రాన్. చిన్న నోటు పుస్తకం వంటి ప్రోగ్రాముకు కూడా క్రోమియం బ్రౌజరును మొత్తంగా మూటగట్టి ఇస్తారు. ఒక్క బటను పెట్టాలంటే హెచ్‌టీఎంఎల్, సీఎస్ఎస్, జావాస్క్రిప్ట్ మూడూ నేర్వాలి. దీన్ని ప్రగతి అనమంటారు. ఉచితంగా దొరికే లజారస్‌లో మాత్రం ఇప్పటికీ ఫారం మీద బటను పెట్టి రెండుసార్లు నొక్కవచ్చు, విండోస్‌లోనూ, లినక్స్‌లోనూ.