బ్రేకు డిస్కు కొనేముందు మనమూ నాలుగు ప్రశ్నలు అడగాలి

చీర కొంటే అంచు తిరగేసి చూస్తాం. కందిపప్పు కొంటే గుప్పెట్లోకి తీసుకుని పుచ్చులున్నాయేమో చూస్తాం. ఇంటిల్లిపాదీ ఎక్కి కూర్చునే కారుకు బ్రేకు సామాను కొనేటప్పుడు మాత్రం "అది మగవాళ్ళ సంగతిలే" అని వంటింట్లోకి వెళ్ళిపోతాం. అలా వెళ్ళకూడదని నా అభిప్రాయం. మార్కాపురం, గిద్దలూరు వైపు వాళ్ళం అసలే వెళ్ళకూడదు. శ్రీశైలం పోవాలంటే దోర్నాల మీదుగా ఘాటు ఎక్కాలి. నంద్యాల పోవాలంటే గిద్దలూరు దాటాక నల్లమల మలుపులు తిరగాలి. ఎక్కేటప్పుడు ఇంజను పని, దిగేటప్పుడు బ్రేకు పని.

ఈ మధ్య మా ఇంట్లో ఇదే చర్చ. మా మరిది దగ్గర పోలో జీటీ టీఎస్‌ఐ ఉంది. చూడ్డానికి చిన్న కారే గానీ టర్బో ఇంజను, తొక్కితే దూసుకుపోతుంది. ముందు చక్రాల డిస్కులు అరిగాయి, మార్చాలన్నాడు మెకానిక్కు. మరిదేమో ఒళ్ళంతా చిల్లులు, గీతలు ఉన్న డిస్కులు ఫోనులో చూపించి "రేసు కార్లకు ఇవే వేస్తారొదినా" అన్నాడు. నేను మామూలువే వేయించమన్నాను. ఖరీదు చూసి కాదు.

డిస్కంటే చక్రం లోపల తిరిగే పోత ఇనుము పళ్ళెం. పెడలు నొక్కగానే రెండు వైపులా ప్యాడ్లు దాన్ని గట్టిగా పట్టుకుంటాయి. బండి వేగమంతా అక్కడ వేడిగా మారుతుంది. వేగం 40 నుంచి 80కి పెరిగితే ఆపేటప్పుడు పుట్టే వేడి రెట్టింపు కాదు, నాలుగింతలు. 1,400 కిలోల బండి 300 మీటర్ల ఎత్తు నుంచి కిందికి దిగిందనుకోండి. ఆ శక్తితో దాదాపు 14 లీటర్ల నీళ్ళు మరిగించొచ్చు. ఇంజను కొంత ఆపుకున్నా, మిగతాది ఎక్కువగా ఆ పళ్ళేలే మోయాలి.

మందపాటి దోసె పెనం మంటను నిదానంగా పీల్చుకుంటుంది, రేకు పెనం క్షణంలో మాడ్చేస్తుంది. డిస్కుకూ ఇనుమే బలం. అందుకే ముందు చక్రాలకు రెండు పళ్ళేలు, మధ్యలో గాలి ఆడే సందులు ఉన్న వెంటిలేటెడ్ డిస్కులు వేస్తారు. దానికి చిల్లులు పొడిస్తే ఇనుము కొంత పోతుంది. పైగా వేడెక్కడం, చల్లారడం పదే పదే జరిగినప్పుడు చిల్లు అంచు దగ్గరే బీటలు మొదలవుతాయి. పలకల ఊరి వాళ్ళకు ఇది విడమరిచి చెప్పాలా?

"మరి పోర్షే వాళ్ళు చిల్లులవే ఇస్తారుగా" అన్నాడు మరిది. ఇస్తారు. కానీ వాళ్ళు డిస్కు పరిమాణం, ప్యాడు, గాలి దారి అన్నీ దానికి తగ్గట్టు తయారుచేస్తారు. పాతకాలం ప్యాడ్లు వేడికి గ్యాసు వదిలేవి, అది పోవడానికి చిల్లులు పనికొచ్చేవి. వానలో తడి త్వరగా పోతుందన్నదీ నిజమే. గీతల డిస్కు ప్యాడు ముఖాన్ని శుభ్రం చేస్తుంది, బదులుగా చప్పుడు, ప్యాడు అరుగుదల ఎక్కువ. మన సంసారం కారుకు ఆ లాభాల కంటే బీట భయమే పెద్దది.

ఇంతకీ అడగాల్సినవి ఇవి. మొదటిది, నిజంగా అరిగిందా? ఎంత మందం తగ్గితే మార్చాలో చాలా డిస్కుల మీదే చెక్కి ఉంటుంది, మన ముందే కొలిచి చూపించమనాలి. రెండోది, ఇది మన బండిదేనా? ఛాసిస్ నంబరు ఇచ్చి పార్టు నంబరు సరిచూసుకుని, బిల్లు తీసుకోవాలి. పోలో తయారీ మన దేశంలో 2022లో ఆగిపోయింది కాబట్టి ఈ జాగ్రత్త మరీ అవసరం. మూడోది, రెండు వైపులా ఒకేసారి మారుస్తున్నారా, ప్యాడ్లూ కొత్తవేనా? డిస్కు కూర్చునే చోట తుప్పు గీకకపోతే కొత్త డిస్కు కూడా ఊగుతుంది. నాలుగోది, బ్రేకు ఆయిలు ఎప్పుడు మార్చారు? అది గాలిలోని తేమను పీల్చుకుంటుంది. డాట్ 4 ఆయిలు కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల దాకా మరగదు. తేమ పట్టాక ఆ హద్దు 155 డిగ్రీలకు పడిపోవచ్చు. ఆయిలు మరిగి బుడగలొస్తే పెడలు మెత్తగా కిందికి దిగిపోతుంది, బండి ఆగదు. మామూలుగా రెండేళ్ళకోసారి మార్చాలి.

చిల్లుల డిస్కుకు పెట్టే ఎక్కువ డబ్బు మంచి ప్యాడ్లకు, ఈ ఆయిలుకు, టైర్లకు పెడితే మేలు. ఎంత గొప్ప డిస్కయినా చివరికి రోడ్డును పట్టుకునేది టైరే కదా.

నడిపేవాళ్ళకూ చెప్పాలి. కొత్త డిస్కులు వేసిన మర్నాడే ఘాటుకు పోవద్దు. మొదటి రెండు మూడు వందల కిలోమీటర్లు నిదానంగా బ్రేకు వేస్తూ ప్యాడూ డిస్కూ ఒకదానికొకటి అలవాటు పడనివ్వాలి. శిఖరం దాటి దోర్నాల వైపు దిగేటప్పుడు కాలు బ్రేకు మీదే ఉంచకుండా తక్కువ గేరులో దిగాలి. ఆటోమేటిక్ అయినా మాన్యువల్ మోడ్‌లో పెట్టొచ్చు.

మరిది ఇంకా పూర్తిగా ఒప్పుకోలేదు, చిల్లుల డిస్కు అందం అతని కళ్ళలోంచి పోలేదు. అయినా పిల్లలు ఎక్కే బండి అది, అందుకే నేనూ వదలను. శివరాత్రికి శ్రీశైలం బయల్దేరే ఇళ్ళలో పులిహోర కలిపే ముందు, మీరూ ఆ నాలుగు ప్రశ్నలు అడగండి.